సౌదీలో లీజు కారు: సంతకం పెట్టే ముందు తెలుసుకోవాల్సినవి

సౌదీలో ఫ్యామిలీ వీసా వచ్చి భార్యాపిల్లలు దిగగానే ఇంట్లో మొదట వచ్చే మాట కారు. రియాద్‌లో 2024 డిసెంబరులో మెట్రో మొదలైంది గానీ, ఎండాకాలంలో పిల్లల్ని స్కూలుకు, ఆసుపత్రికి తిప్పాలంటే కారు లేకుండా కష్టమే. కొత్త కారుకు మొత్తం డబ్బు ఒకేసారి పెట్టలేం. పాత కారంటే రిపేర్ల భయం. అందుకే హైదరాబాద్, కరీంనగర్, కడప, కర్నూలు వైపు నుంచి వెళ్లిన మనవాళ్లలో చాలామంది లీజు వైపు చూస్తారు.

షోరూంలో కారు తీసుకోవడం తేలికే. కష్టమంతా దాన్ని వదిలించుకునేటప్పుడు వస్తుంది. లీజేమో చాలాసార్లు 5 ఏళ్లకు ఉంటుంది. మన ఇఖామా ఏడాదికోసారి, కొన్ని కంపెనీల్లో అయితే మూడు నెలలకోసారి రెన్యువల్ అవుతుంది. ఉద్యోగం మధ్యలో పోతే ఏంటన్న ప్రశ్నకు జవాబు సంతకం పెట్టకముందే తెలిసి ఉండాలి.

లీజు అంటే ఏ లీజు?

అందరూ "లీజు" అనే అంటారు గానీ అక్కడ మూడు రకాలున్నాయి.

మొదటిది మామూలు అద్దె. రోజుకో, నెలకో తీసుకోవడం. కొత్తగా వచ్చినవాళ్లకు, ఫ్యామిలీ విజిట్ వీసా మీద రెండు మూడు నెలలకు వచ్చినప్పుడు ఇదే నయం. నెల లెక్కన ఖర్చు ఎక్కువే, కానీ తిరిగిచ్చేస్తే లెక్క తీరిపోతుంది.

రెండోది దీర్ఘకాలం అద్దె. ఏడాది, రెండేళ్లు, మూడేళ్లకు కారు మన దగ్గరుంటుంది. ఇన్సూరెన్సు, సర్వీసింగు మామూలుగా కంపెనీయే చూసుకుంటుంది. గడువు అయ్యాక కారు తిరిగి ఇచ్చేయాలి. ఇందులో కిలోమీటర్ల పరిమితి ఉంటుంది, దాటితే కిలోమీటరుకు ఇంత అని అదనంగా వసూలు చేస్తారు. రియాద్ నుంచి మక్కాకు దారి సుమారు 900 కిలోమీటర్లు. ఒక్క ఉమ్రాకు వెళ్లొస్తే 1,800 దాకా అవుతుంది. ఏడాదికి రెండు మూడుసార్లు వెళ్లే కుటుంబమైతే ఈ పరిమితి ముందే అడిగి రాయించుకోవాలి.

మూడోది చివరికి కారు మన సొంతమయ్యే లీజు. అరబీలో "ఇజారా ముంతహియా బిత్తమ్లీక్" అంటారు. బ్యాంకో, ఫైనాన్స్ కంపెనీయో కారు కొని మనకు అద్దెకిస్తుంది. కిస్తులన్నీ కట్టాక కారు మన పేరుకు మారుతుంది. ఈ కంపెనీలన్నీ సౌదీ సెంట్రల్ బ్యాంకు, అంటే సామా, కిందికి వస్తాయి. దీనికి 2012లో ప్రత్యేకంగా ఫైనాన్స్ లీజు చట్టం కూడా తెచ్చారు. మనవాళ్లు ఎక్కువగా తీసుకునేదీ, ఎక్కువగా చిక్కుల్లో పడేదీ ఇందులోనే.

కారు ఎవరిది?

ఇస్తిమారా, అంటే బండి రిజిస్ట్రేషన్ కార్డు, చూస్తే తెలిసిపోతుంది. యజమాని గడిలో కంపెనీ పేరుంటుంది. మన పేరు "వాడుకునే వ్యక్తి" అని ఉంటుంది. చివరి కాగితం అయ్యేదాకా మనం కిరాయిదారులమే. కాబట్టి కారు అమ్మలేం, ఇంకొకరికి రాసివ్వలేం. దేశం దాటించాలన్నా కంపెనీ అనుమతి ఉండాలి. దమ్మామ్, ఖోబర్‌లో ఉండేవాళ్లు వారాంతంలో కింగ్ ఫహద్ వంతెన మీదుగా బహ్రెయిన్ వెళ్దామనుకుంటే ఆ అనుమతి కాగితం ముందే తీసుకోవాలి.

ఇంట్లో ఇంకొకరు నడపాలన్నా అధికారికంగా అనుమతి ఎక్కించుకోవాలి. 2018 జూన్ 24 నుంచి సౌదీలో ఆడవాళ్లు కూడా నడపొచ్చు. మీ ఇంట్లో ఆమెకు లైసెన్సు ఉంటే పేరు చేర్పించండి. తమ్ముడికో, రూమ్మేటుకో ఊరికే తాళం ఇచ్చి పంపితే, ప్రమాదం జరిగిన రోజున ఇన్సూరెన్సు దగ్గర పేచీ వస్తుంది.

షరీయత్ లెక్క ఏంటి?

"ఇది వడ్డీ కాదా?" అని మన ఇళ్లలో పెద్దవాళ్లు అడుగుతారు. ఇజారాలో డబ్బు అప్పుగా ఇవ్వరు. వస్తువును అద్దెకిస్తారు. అందుకే వస్తువు బాధ్యత యజమానిదే అయి ఉండాలి. ఇస్లామిక్ ఫైనాన్సు ప్రమాణాలు రాసే ఆవ్‌ఫీ సంస్థ 9వ నంబరు ప్రమాణం ఈ ఇజారా గురించే. అందులోని సారాన్ని మన కాంట్రాక్టుకు పెట్టి చూసుకోవడానికి నాలుగు ప్రశ్నలు చాలు:

- అద్దె ఒప్పందం, చివర్లో కారు మన పేరుకు మార్చే మాట వేర్వేరుగా ఉన్నాయా?
- యజమానిగా చేయించాల్సిన ఇన్సూరెన్సు, పెద్ద రిపేర్లు కంపెనీ బాధ్యతలో ఉన్నాయా? రోజువారీ సర్వీసింగు మన మీద ఉండొచ్చు.
- మన తప్పు లేకుండా కారు పూర్తిగా పోతే అద్దె ఆగిపోతుందా?
- కిస్తు ఆలస్యమైతే వేసే జరిమానా కంపెనీ ఆదాయంలోకి పోతుందా, దానధర్మాలకు పోతుందా?

ఇవి దీన్ ప్రశ్నలే కాదు, జేబు ప్రశ్నలు కూడా. జవాబు సరిగ్గా లేని చోట నష్టపోయేది మనమే. సందేహముంటే కాంట్రాక్టు తీసుకెళ్లి తెలిసిన ఆలిమ్‌కు చూపించండి. బోర్డు మీద "ఇస్లామిక్" అని ఉంటే సరిపోదు.

నెల కిస్తు చూసి మోసపోవద్దు

షోరూంలో పెద్ద అక్షరాలతో రాసేది నెల కిస్తు ఒక్కటే. అసలు లెక్క మొత్తం కలిపితేనే తెలుస్తుంది. ఉదాహరణకు 60,000 రియాళ్ల కారు అనుకుందాం. ముందు 6,000 కట్టారు. నెలకు 950 చొప్పున 60 నెలలంటే 57,000. ఇక్కడికి బాగానే ఉంది. కానీ కాంట్రాక్టులో "చివరి కిస్తు" అని 18,000 ఉంది. అన్నీ కలిపితే 81,000. అంటే 21,000 రియాళ్లు ఎక్కువ.

ఆ చివరి కిస్తు ఎంత పెద్దదైతే నెల కిస్తు అంత చిన్నగా కనిపిస్తుంది. ఐదేళ్లయ్యాక ఒకేసారి 18,000 ఎక్కడి నుంచి తేవాలో ఆ రోజు ఎవరూ ఆలోచించరు. కాబట్టి మొత్తం ఎంత కట్టాలి, ఏడాదికి ఎంత శాతం పడుతుంది అని అడగండి. ఇన్సూరెన్సు అందులో ఉందా, 15 శాతం వ్యాట్ కలిపే చెబుతున్నారా అన్నది కూడా తేల్చుకోండి.

కావాల్సిన కాగితాలు: గడువున్న ఇఖామా, సౌదీ డ్రైవింగ్ లైసెన్సు, కంపెనీ ఇచ్చే జీతం సర్టిఫికెట్, బ్యాంకు స్టేట్‌మెంట్, నేషనల్ అడ్రస్, అబ్షర్ అకౌంటు. సిమా అనే క్రెడిట్ బ్యూరోలో మీ పాత బాకీలు కూడా చూస్తారు. ఎప్పుడో వదిలేసిన మొబైల్ బిల్లు ఉన్నా అక్కడ బయటపడొచ్చు.

దీంతోపాటు ప్రామిసరీ నోటు మీద కూడా సంతకం తీసుకుంటారు. ఇప్పుడు అది ఫోన్‌లోనే ఆన్‌లైన్‌లో అయిపోతుంది కాబట్టి చాలామంది చదవకుండా ఓకే కొట్టేస్తారు. కిస్తులు ఆగితే కంపెనీ ఆ నోటు పట్టుకుని ఎన్‌ఫోర్స్‌మెంట్ కోర్టుకు వెళ్లొచ్చు. అప్పుడు దేశం దాటకుండా నిషేధం పడే వీలుంది.

ప్రమాదం జరిగితే

ఎవరికీ దెబ్బలు తగలకపోతే, బండ్లకు ఇన్సూరెన్సు ఉంటే నజ్మ్‌కు కాల్ చేయాలి. దెబ్బలు తగిలితే ట్రాఫిక్ పోలీసు, అంబులెన్సు రావాల్సిందే. ముందుగా నాలుగు వైపులా ఫోటోలు తీసుకోండి. ప్రమాదం కాగితం లేకుండా గ్యారేజీలో డెంటింగు పని చేయరు. చిన్న గీతే కదా అని ఎదుటివాడితో రాజీపడి పంపేస్తే తర్వాత ఆ ఖర్చు మన మీదే పడుతుంది. లీజు కంపెనీకి కూడా వెంటనే చెప్పాలి, ఎందుకంటే బండి వాళ్లది. ఇన్సూరెన్సులో మన వాటాగా కట్టాల్సిన మొత్తం, అరబీలో "తహమ్ముల్", ఎంతో ముందే చూసుకోండి.

ఇంటికి వెళ్లిపోవాల్సి వస్తే

ఖరూజ్ నిహాయీ, అంటే ఫైనల్ ఎగ్జిట్, కావాలంటే మన పేరు మీద బండి ఉండకూడదు. ట్రాఫిక్ జరిమానాలన్నీ కట్టేసి ఉండాలి. అప్పుడు లీజు కారుకు మామూలుగా మూడు దారులుంటాయి. మిగిలిన డబ్బంతా కట్టి కారు మన పేరుకు మార్చుకుని అమ్మేయడం ఒకటి. కంపెనీ ఒప్పుకుంటే లీజును ఇంకొకరి పేరుకు మార్చడం రెండోది. కారు తిరిగిచ్చి లెక్క తేల్చుకోవడం మూడోది. ఏ దారికి ఎంత ఖర్చవుతుందో, అసలు ఏయే దారులు ఒప్పుకుంటారో కాంట్రాక్టులోనే రాసి ఉండాలి. వీటికి రోజులు, ఒక్కోసారి వారాలు పడతాయి. టికెట్ కొన్నాక మొదలుపెడితే కుదరదు.

నాలుగో దారి ఒకటి మనవాళ్లు కనిపెట్టారు. అదే ప్రమాదం. "భాయ్, కారు నువ్వు ఉంచుకో, మిగిలిన కిస్తులు నువ్వు కట్టుకో" అని నోటిమాటగా స్నేహితుడికి ఇచ్చేయడం. కాగితం మీద కారు మన దగ్గరే ఉంటుంది. అతను రెండు నెలలు కడతాడు, మూడో నెల ఆపేస్తాడు. సాహెర్ కెమెరా జరిమానాలు మన ఇఖామా మీద పడుతూనే ఉంటాయి. అతని చేతిలో ఎవరికైనా ప్రాణం మీదికొస్తే ముందు మన పేరే అడుగుతారు. అన్నదమ్ముడే అయినా సరే, కంపెనీ ద్వారా పేరు మారేదాకా తాళం ఇవ్వొద్దు.

ఉద్యోగం పోయిందని తెలిసిన రోజే లీజు కంపెనీకి వెళ్లి మాట్లాడండి. రెండు కిస్తులు ఆగాక వెళ్తే బేరమాడే బలం ఉండదు. కంపెనీ న్యాయంగా వ్యవహరించకపోతే ముందు వాళ్లకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి నంబరు తీసుకోండి. అక్కడ తేలకపోతే సామాకు ఫిర్యాదు చేయొచ్చు. సామాలో ప్రవాసులు కూడా ఫిర్యాదు పెట్టుకోవచ్చు.

చివరగా

- ఉద్యోగం ఎన్నాళ్లుంటుందో తెలియని మొదటి ఏడాది అద్దె కారే మేలు.
- కాంట్రాక్టు అరబీలో ఉంటే తెలిసినవాళ్లతో చదివించుకున్నాకే సంతకం పెట్టండి.
- మూడు కిస్తుల డబ్బు ఎప్పుడూ పక్కన ఉంచుకోండి.
- ఆఖరి కిస్తు కట్టాక బాకీ లేదన్న కాగితం, మీ పేరుతో ఇస్తిమారా రెండూ చేతికి వచ్చాయో లేదో చూసుకోండి.
- ఊళ్లో ఇంట్లోవాళ్లకు కూడా ఈ లెక్క చెప్పి ఉంచండి. మీరు సెలవులో ఉన్నప్పుడూ, జబ్బుపడినప్పుడూ కిస్తు ఆగదు.

ఇది సౌదీ లెక్క. దుబాయ్, కువైట్, ఖతర్‌లో నియమాలు వేరు. కానీ ఏ దేశంలోనైనా కారు ఎలా తీసుకోవాలన్న దానికంటే ముందు ఎలా వదలాలో అడగండి.