దుమ్ముగూడెం: పడవల కోసం కట్టిన ఊళ్లో మొదలైన సంఘం



"మీది తెల్లవాళ్ల మతం కదా" అని మన పిల్లలను ఎవరైనా అడిగితే దుమ్ముగూడెం సంగతి చెప్పమనండి.

భద్రాచలం ప్రాంతం 1860లో నైజాం నుండి బ్రిటిష్ వారి చేతికి వచ్చింది. వార్ధా వైపు పత్తిని గోదావరి మీద పడవల్లో సముద్రానికి దించాలని వారి ఆశ. దుమ్ముగూడెం దగ్గర నదిలో అన్నీ బండలే, పడవ సాగదు. అందుకే అక్కడ ఆనకట్ట, కాలువ, లాకులు కట్టారు. ఆ పనుల ఇంజనీరు కెప్టెన్ హేగ్ భక్తిపరుడు. కోయవారికి సువార్త అందాలని ఆయన భారం. అయితే గూడేల్లో తొలి సువార్తికుడు ఆయన కాదు, మన తెలుగువాడే, వెంకటరామరాజు గారు. ఆ పనుల్లోనే ఉద్యోగి. క్రీస్తును నమ్ముకొని, జీతం వదులుకొని అడవి దారి పట్టారు. అప్పటి మన్యం జ్వరాలు ఎలాంటివో పెద్దలను అడగండి!

ఈలోగా 1867లో నాగపూర్‌కు రైలు వచ్చింది, పత్తి బొంబాయికి పోయింది. 1871లో నది పనులు ఆపేశారు. ఇంజనీర్లు వెళ్లిపోయారు, సంఘం ఉండిపోయింది. తర్వాత సి.ఎం.ఎస్. మిషనరీ జాన్ కెయిన్ దొర ఏళ్ల తరబడి అక్కడే ఉండి కోయవారి భాషను, ఆచారాలను రాసిపెట్టారు. 1889లో లూకా సువార్త కోయలో అచ్చయింది.

ఆనకట్ట నేటికీ ఉంది. దాని ఎగువ నీటినే సీతారామ ఎత్తిపోతలకు తీసుకుంటున్నారు. కోయ భాష గురించి మాత్రం అంత ధీమాగా చెప్పలేను. అవ్వ కోయలో ప్రార్థిస్తుంటే మనవడు తెలుగులో పాట అందుకుంటున్నాడు. ఈ ఆదివారం సాక్ష్యం చెప్పే కోయ సహోదరులు మీ భాషలోనే చెప్పండి. అర్థం కానివారికి పక్కవారు చెబుతారు.