సోరియాటిక్ ఆర్థ్రైటిస్‌లో బయోలాజిక్ ఔషధాలు

సోరియాసిస్ అనే చర్మవ్యాధి ఉన్నవారిలో కొందరికి కీళ్లు, వెన్నెముక, కండరాల కొసలు ఎముకలకు అతుక్కునే చోట్లు వాచి నొప్పిపెట్టే దీర్ఘవ్యాధిని సోరియాటిక్ ఆర్థ్రైటిస్ అంటారు. వేలు మొత్తం ఉబ్బిపోవడం, గోళ్ల మీద సన్నని గుంటలు పడటం దీని గుర్తులు. చాలాకాలం రుమటాయిడ్ కీళ్లవాతంలో ఒక రకంగానే భావించిన ఈ జబ్బును 1964లో అమెరికన్ రుమాటిజం అసోసియేషన్ ప్రత్యేక వ్యాధిగా గుర్తించింది.

ఈ వ్యాధిలో రోగనిరోధక వ్యవస్థకు చెందిన డెండ్రైటిక్ కణాలు విడుదల చేసే ఇంటర్‌లూకిన్-23 కొన్ని టి-కణాలను ఇంటర్‌లూకిన్-17 తయారీకి పురికొల్పుతుంది. మాక్రోఫేజ్‌ల వంటి కణాలు టీఎన్‌ఎఫ్ (ట్యూమర్ నెక్రోసిస్ ఫ్యాక్టర్)ను అతిగా ఉత్పత్తి చేస్తాయి. సైటోకైన్లు అనే ఈ ప్రోటీన్ సంకేతాలు తెల్లరక్తకణాలను గుంపులుగా కీలులోకి రప్పించి, ఎముకను కరిగించే ఆస్టియోక్లాస్ట్ కణాలను కూడా ఉసిగొల్పుతాయి. బయోలాజిక్ ఔషధం ఈ సంకేతాన్నే దారిలో పట్టేస్తుంది: టీఎన్‌ఎఫ్ గ్రాహకానికి నకలైన ఎటనర్‌సెప్ట్, అసలు గ్రాహకాన్ని చేరకముందే టీఎన్‌ఎఫ్‌ను తనకు అంటించుకుంటుంది, ప్రతిరక్షకాలైన అడాలిముమాబ్ టీఎన్‌ఎఫ్‌ను, సెకుకినుమాబ్ ఇంటర్‌లూకిన్-17ఎను బంధిస్తాయి. జీవకణాల్లో పెంచిన ప్రోటీన్లు కావడంతో మింగితే అరిగిపోతాయి కనుక వీటిని ఇంజెక్షన్‌గానే ఇస్తారు. ఇవి వ్యాధిని అదుపు చేస్తాయే తప్ప నిర్మూలించవు.

ఈ వ్యాధికి అమెరికాలో ఎటనర్‌సెప్ట్ 2002లో, అడాలిముమాబ్ 2005లో, సెకుకినుమాబ్ 2016లో అనుమతి పొందాయి. భారతదేశంలో ధరే పెద్ద అడ్డంకి కాగా, మూల ఔషధాన్ని పోలిన బయోసిమిలర్లు ఆ అడ్డంకిని కొంతే తగ్గించాయి. ఇలాంటి మందుల తయారీ నేపథ్యం చూస్తే, బల్క్ డ్రగ్స్‌కు (మందుల ముడిపదార్థాలకు) పేరుపడ్డ హైదరాబాద్‌లో జీవకణ సాంకేతికతకు 1997లో శాంతా బయోటెక్నిక్స్ హెపటైటిస్-బి టీకా బాట వేసింది. 2007లో డాక్టర్ రెడ్డీస్ రిటుక్సిమాబ్ అనే బయోలాజిక్‌కు బయోసిమిలర్ అయిన రెడిటక్స్‌ను విడుదల చేసింది. అది ఈ వ్యాధి మందు కాకపోయినా, ఇంతటి సంక్లిష్ట ప్రోటీన్లను ఇక్కడ తయారుచేయవచ్చని రుజువు చేసింది. అడాలిముమాబ్ తొలి బయోసిమిలర్‌ను 2014లో అహ్మదాబాద్‌కు చెందిన జైడస్ తేగా, హైదరాబాద్ సంస్థ హెటెరో 2018లో మబురా పేరుతో అదే మందును విడుదల చేసింది. హైదరాబాద్‌లోని ఐటీ ప్రాంతమైన హైటెక్ సిటీ పాత్ర వేరు. ఎటనర్‌సెప్ట్ యజమాని ఆమ్జెన్ 2025 ఫిబ్రవరిలో అక్కడ ప్రారంభించిన కేంద్రం ఔషధ కర్మాగారం కాదు, సాంకేతిక, సమాచార విశ్లేషణ కేంద్రం. సెకుకినుమాబ్ తయారీదారు నోవార్టిస్‌కూ ఈ ప్రాంతంలో పెద్ద కార్యాలయముంది.

ఈ మందులతో ఒక ప్రమాదమూ ఉంది. క్షయ సూక్ష్మజీవులను శరీరం గ్రాన్యులోమా అనే కణాల ముద్దలో బంధించి ఉంచడానికి టీఎన్‌ఎఫ్ అవసరం. దాన్ని అడ్డుకుంటే నిద్రాణంగా ఉన్న క్షయ తిరగబెట్టవచ్చు కాబట్టి, ఆ వ్యాధి విస్తారంగా ఉన్న భారతదేశంలో తొలి ఇంజెక్షన్‌కు ముందే ఛాతీ ఎక్స్‌రే, క్షయ పరీక్ష చేయించడం తప్పనిసరి జాగ్రత్త.