తిరుత్తణి నుంచి తిరుపతికి: ఖాళీ కిలోమీటర్ల లెక్క

మన వాళ్లలో ట్యాక్సీ నడుపుకొనే కుటుంబాలు చాలానే ఉన్నాయి కదా, ఈసారి మన ఊరి చరిత్రను బాడుగ వైపు నుంచి చూద్దాం.

తిరుత్తణి ఒకప్పుడు చిత్తూరు జిల్లాలోది. పటాస్కర్ సిఫారసుల మీద 1959లో చేసిన సరిహద్దు మార్పు చట్టంతో, 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రంలో చేరింది. మొదట చెంగల్పట్టు జిల్లా, 1997 నుంచి తిరువళ్లూరు జిల్లా. దారి మాత్రం అదే. కానీ నగరికి ఇవతల గీత పడటంతో తిరుపతి బాడుగ పక్క రాష్ట్రపు బాడుగ అయింది. పర్మిట్టు, పన్ను లెక్కలోకి వచ్చాయి.

ఆ కాలంలోనే మైళ్లు పోయి కిలోమీటర్లు వచ్చాయి. మైలేజి అన్న మాట మాత్రం మన నోట నిలిచింది, అదీ లీటరుకు ఎన్ని కిలోమీటర్లని అడగడానికి!

అసలు తగాదా వచ్చేది ఇక్కడ. తిరుపతి సుమారు 65 కిలోమీటర్లు. దింపి రమ్మన్న వాళ్లు 65కే ఇస్తామంటారు. బండి తిరిగేది 130. కిలోమీటరుకు 14 రూపాయలు, డీజిలు లీటరు 92, బండి లీటరుకు 18 కిలోమీటర్లు ఇస్తుందనుకోండి. రానూపోనూ బాడుగ 1,820. డీజిలు 664 పోతే 1,156 మిగులుతుంది. ఒకవైపు బాడుగే ఇస్తే 910. అదే డీజిలు పోతే 246. టైర్లు, పర్మిట్టు, ఇన్సూరెన్సు, బండి కంతు, తన బత్తా అన్నీ అందులోంచే. బాడుగ సగానికి తగ్గితే మిగులు ఐదో వంతుకు పడిపోయింది. రెండువైపులా అడిగే డ్రైవరుది అత్యాశ అనడం నాకు న్యాయంగా తోచదు.

ఆదాయపు పన్ను ఈ ఖాళీ ప్రయాణాన్ని అడగనే అడగదు. సరుకు లారీలకు 1994లోనే 44ఏఈ సెక్షను వచ్చింది: బండికి నెలకు ఇంత ఆదాయమని అంచనా. ట్యాక్సీకి అది వర్తించదు. 2010-11 నుంచి 44ఏడీ కింద చిన్న వ్యాపారులందరితో పాటు, వసూలైన బాడుగలో 8 శాతం ఆదాయమన్నారు. తర్వాత బ్యాంకు ద్వారా వచ్చినదానికి 6 శాతం చేశారు. అది కనీస అంచనా, నిజంగా మిగిలింది కాదు. లెక్కలు రాసి చూపించేవాళ్లకు బాడుగ కారు మీద ఏటా 30 శాతం తరుగుదల దొరుకుతుంది. సొంత పనుల కారైతే వ్యాపారంలో 15 శాతమే. పన్ను కట్టనక్కర్లేని వాళ్లకూ ఆ కాగితం కావాలి, కొత్త బండికి అప్పు అడిగితే బ్యాంకు ముందు చూసేది దాన్నే.

మీ ఇళ్లలో పాత ట్రిప్ షీట్లు, ముఖ్యంగా మైళ్లలో రాసినవి ఉంటే, ఫొటో తీసి ఇక్కడ పెట్టండి.