ఈస్ట్ కిల్డోనన్ గోలీ

విన్నిపెగ్‌లో రెడ్ నదికి తూర్పు గట్టున, హెండర్సన్ హైవే పొడవునా పరుచుకున్న పేట మాది. పేరు ఈస్ట్ కిల్డోనన్. ఇప్పుడు నగరంలో కలిసిపోయింది గానీ 1972 దాకా ఇది వేరే ఊరు. ఆ పేరు స్కాట్లాండు నుంచి వచ్చి ఈ నది ఒడ్డున సేద్యం చేసిన రైతులది. తర్వాత వచ్చి చిన్న చిన్న ఇళ్ళు కట్టుకున్న వాళ్ళలో ఉక్రేనియన్లు చాలామంది. ఫౌండ్రీల్లోనో రేకుల కార్ఖానాల్లోనో రైల్వే షాపుల్లోనో ఒళ్ళు వంచి బతికిన జనం. ఈ మధ్య మాలాంటి తెలుగు కుటుంబాలూ వచ్చి చేరాయి. మా పిల్లలకు స్కేటింగ్ నేర్పించడానికి తీసుకెళ్ళేది కింబర్లీ అవెన్యూలో ఉన్న టెరీ సాచక్ అరీనాకే.

ఆ సాచక్ ఎవరని అడగండి, పాత కాపురస్తులు మూడు ముక్కల్లో తేల్చేస్తారు: అన్న పోయాడు, అన్న ప్యాడ్లు తమ్ముడు కట్టుకున్నాడు, ఐస్ హాకీలో ప్రపంచంలోకెల్లా గొప్ప గోలీ, అంటే గోల్‌కీపర్, అయ్యాడు. ఇందులో అబద్ధం లేదు. కానీ ఇంతటితో సరిపెట్టుకుంటే ఈ పేట చరిత్ర సగానికి పైగా జారిపోతుంది. మా వాళ్ళు అతన్ని తలుచుకునేటప్పుడు కన్నీళ్ళ దగ్గరే ఆగిపోతారు, కూలి లెక్కల దాకా రారు. నాకు ఆ లెక్కలే ముఖ్యమనిపిస్తుంది.

టెరీ 1929 డిసెంబరు 28న పుట్టాడు. న్యూయార్క్ షేర్ మార్కెట్ కుప్పకూలి అప్పటికి రెండు నెలలు. తండ్రి లూయిస్, ఆస్ట్రియా సామ్రాజ్యం కింద ఉన్న గలీషియా నుంచి పసితనంలోనే కెనడా వచ్చినవాడు. రేకుల పని చేసి ఇల్లు గడిపేవాడు. అన్నల్లో ఒకడు చిన్నప్పుడే జబ్బు చేసి పోయాడు. ఇంకో అన్న మైక్ గోలీగా ఆడేవాడు. అతని గుండె పాడైంది, 17 ఏళ్ళకే కన్నుమూశాడు. అప్పటికి టెరీకి పదేళ్ళు. మైక్ ప్యాడ్లు ఇంట్లోనే ఉండిపోయాయి. కరువు రోజుల్లో గోలీ సరంజామా కొనడం కూలి కుటుంబాలకు తలకు మించిన పని. ప్యాడ్లున్న ఇంటి పిల్లవాడే వీధి జట్టుకు గోలీ అవుతాడు. అన్న మీద ప్రేమ ఉండే ఉంటుంది, కాదనను. అయినా ఈ వీధుల్లో ఎవరు ఏ స్థానంలో ఆడాలో చాలాసార్లు నిర్ణయించింది ఇంట్లో ఏ సామాను పడి ఉందన్న సంగతే.

ఐస్ హాకీ చూడనివాళ్ళకు గోలీ పని గురించి రెండు మాటలు చెప్పాలి. ఆరడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు ఉన్న గోలు ముందు అతను నిలబడాలి. అతని మీదికి దూసుకొచ్చేది గట్టి రబ్బరు బిళ్ళ, దాని పేరు పక్. బరువు దాదాపు 170 గ్రాములు. కాళ్ళకూ ఛాతీకీ చేతులకూ రక్షణ ఉంటుంది. ఆ రోజుల్లో మొహానికి మాత్రం ఏమీ లేదు. మాంట్రియల్ గోలీ జాక్ ప్లాంట్ ముసుగు తొడుక్కుని రావడం 1959లో. సాచక్ తొడుక్కున్నది 1962లో. అంటే ఇక్కడ చెప్పబోయే రోజులన్నీ అతను ఉత్త మొహంతో ఆడినవే.

పన్నెండేళ్ళప్పుడు ఒక ఆదివారం చర్చి దారిలో ఫుట్‌బాల్ ఆటలో దిగాడు. మనకు తెలిసిన ఫుట్‌బాల్ కాదు, ఒకరి మీద ఒకరు పడి కుమ్ముకునే రకం. కుడి మోచేయి దెబ్బతింది. ఇంట్లో చెబితే తిట్లు తప్పవని నోరు మెదపలేదు. నొప్పి ఓర్చుకుంటూ తిరిగాడు. అసలు సంగతి డాక్టర్లు కనిపెట్టేసరికి దాదాపు రెండేళ్ళు గడిచిపోయాయి. కీలు వంకరగా అతుక్కుపోయింది. ఆ చేయి రెండోదానికంటే పొట్టిగానే మిగిలిపోయింది, పూర్తిగా వంగేది కాదు. మోచేయి అలా అయ్యాక బలంగా షాట్లు కొట్టలేకనే గోలు దగ్గర స్థిరపడ్డాడని మా పేటలో ఒక మాట ఉంది. కొంత నిజం ఉండవచ్చు. ఇంకొందరు ఒక అడుగు ముందుకు వేసి, అతను నేలకు అంటుకున్నట్టు వంగి నిలబడే తీరుకు కూడా ఆ మోచేయే కారణమంటారు. ఇది నేను నమ్మను. వంగితే ఆటగాళ్ళ కాళ్ళ సందుల్లోంచి పక్ బాగా కనబడుతుందని సాచకే చెప్పాడు. అప్పటిదాకా గోలీలు నిటారుగా నిలబడేవాళ్ళు. ముందు మనుషులు గుంపుగా అడ్డం పడితే పక్ ఎక్కడుందో వాళ్ళకు తెలిసేది కాదు. ఆ చిక్కును అతను బుర్రతో విప్పుకున్నాడు. ఆ ఘనతను దెబ్బతిన్న ఎముకకు కట్టబెట్టడం అన్యాయం.

పద్నాలుగేళ్ళకే డెట్రాయిట్ రెడ్ వింగ్స్ కోసం కుర్రాళ్ళను వెతికే బాబ్ కిన్నియర్ కంట్లో పడ్డాడు. ఆ కాలంలో పెద్ద క్లబ్బులు మీసాలు రాని పిల్లల మీద కూడా హక్కులు రాయించుకునేవి. ఒకసారి పేరు ఒక క్లబ్బు ఖాతాలోకి ఎక్కిందా, ఇంకో క్లబ్బుకు ఆడే దారి మూసుకుపోయినట్టే. మా వైపు మైదానపు ఊళ్ళు అలాంటి పిల్లలకు పెట్టింది పేరు. చలికాలం పొడుగు, మంచుకు కొదవ లేదు, కూలి డబ్బులు తక్కువ. టెరీ కూడా చదువుకుంటూనే ఫౌండ్రీలో పనిచేశాడు, తర్వాత రేకుల కంపెనీలో చేరి బేకరీ పొయ్యిల పైన పొగగొట్టాలు బిగించాడు. తండ్రి పనిముట్లే కొడుకు చేతిలోకి వచ్చాయన్నమాట. హాకీ లేకపోతే ఆ పనిలోనే రిటైరయ్యేవాడు.

1946లో, పదహారేళ్ళ వయసులో, అతన్ని దాదాపు రెండు వేల కిలోమీటర్ల దూరంలో ఉన్న గాల్ట్‌కు పంపించారు. ఒంటారియోలో డెట్రాయిట్ వాళ్ళ జూనియర్ జట్టు ఉన్న ఊరది, ఇప్పుడు కేంబ్రిడ్జ్‌లో కలిసిపోయింది. నన్నడిగితే ఈస్ట్ కిల్డోనన్ పాత్ర అక్కడితో అయిపోయింది. సెలవులకు వచ్చాడు, బేస్‌బాల్ ఆడాడు, అందులోనూ గట్టివాడనిపించుకున్నాడు. కానీ ఆపైన అతను పేరు తెచ్చుకున్న చోట్లలో ఒక్కటీ ఇక్కడ లేదు. ఈ సంగతి ఒప్పుకోవడానికి మా వాళ్ళకు మనసొప్పదు.

మరుసటి ఏడాది, ఇంకా 17 ఏళ్ళకే, ఒప్పందం మీద సంతకం చేసి అమెరికాలోని ఒమాహా నైట్స్ జట్టులో చేరాడు. 1947 డిసెంబరు 28న, తన పద్దెనిమిదో పుట్టినరోజున, హ్యూస్టన్‌లో మ్యాచ్. గోలు ముందు తోపులాటలో ఎవరిదో స్టిక్ వచ్చి కుడి కంట్లో గుచ్చుకుంది. కన్ను తీసెయ్యాల్సి వస్తుందన్న మాట కూడా వచ్చింది. చివరికి ఒక సర్జను ఆపరేషన్ చేసి, కనుగుడ్డుకే కుట్లు వేసి కాపాడాడు. కొద్ది వారాల్లోనే సాచక్ మళ్ళీ అదే ఉత్త మొహంతో గోలు ముందు నిలబడ్డాడు. సీజను ముగిసేసరికి ఒమాహా ఆడే లీగులో ఉత్తమ కొత్త ఆటగాడు అతనే.

ఇంత తొందరేమిటంటే, అప్పట్లో పెద్ద లీగయిన నేషనల్ హాకీ లీగు, అంటే ఎన్‌హెచ్‌ఎల్‌లో ఉన్నవి ఆరే జట్లు: మాంట్రియల్, టొరంటో, బోస్టన్, న్యూయార్క్, షికాగో, డెట్రాయిట్. జట్టుకు ఒక్కడే గోలీ, మ్యాచ్‌లన్నీ అతనే ఆడాలి. ఉత్తర అమెరికా మొత్తంలో గోలీకి పెద్ద ఉద్యోగాలు ఆరంటే ఆరే. కన్ను నొప్పని ఒక సీజను ఇంట్లో కూర్చుంటే ఆ క్యూలో ఇంకొకడు ముందుకొస్తాడు. బాధ ఓర్చుకోవడం అతని స్వభావమని రాసినవాళ్ళు ఈ ఆరు ఉద్యోగాల లెక్కను కూడా పక్కన పెట్టి చూడాలి.

తర్వాత ఇండియానాపోలిస్ క్యాపిటల్స్. 1948-49లో ఆ పైస్థాయి లీగులోనూ ఉత్తమ కొత్త ఆటగాడు అతనే. 1950లో ఆ జట్టు ప్లేఆఫ్‌లలో ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా ఆ లీగు విజేతకిచ్చే క్యాల్డర్ కప్పు గెలిచింది. ఆ సీజను మధ్యలోనే, జనవరిలో, డెట్రాయిట్ నుంచి పిలుపొచ్చింది. అక్కడి గోలీ హ్యారీ లమ్లీ ఒక విరాళాల మ్యాచ్‌లో సరదాకి ఫార్వర్డ్‌గా ఆడబోయి గాయపడ్డాడు. ఇరవై ఏళ్ళ సాచక్ మొదటి మ్యాచ్‌లో బోస్టన్ చేతిలో 4-3తో ఓడాడు. మొత్తం ఏడు మ్యాచ్‌లు ఆడితే నాలుగు గెలుపులు, ఒక షటౌట్. షటౌట్ అంటే ప్రత్యర్థికి ఒక్క గోలూ దక్కని మ్యాచ్. లమ్లీ కోలుకోగానే ఇతన్ని ఇండియానాపోలిస్‌కు తిప్పి పంపేశారు.

ఆ వసంతంలో డెట్రాయిట్ ఎన్‌హెచ్‌ఎల్ విజేతకిచ్చే స్టాన్లీ కప్పు గెలిచింది. గోలు కాసింది లమ్లీ. అయినా వేసవిలో మేనేజరు జాక్ ఆడమ్స్ అతన్ని షికాగోకు పంపేశాడు. కప్పు తెచ్చిపెట్టిన గోలీ వయసు అప్పటికి ఇరవై మూడు. కింద అంతకంటే చౌకగా, అంతకంటే కుర్రవాడు సిద్ధంగా ఉన్నాడు, అంతే. 1950-51లో సాచక్ మొత్తం 70 మ్యాచ్‌లూ ఆడి 44 గెలిచాడు. అందులో 11 షటౌట్లు. ఎన్‌హెచ్‌ఎల్ కొత్త ఆటగాడి బహుమతి, క్యాల్డర్ ట్రోఫీ, కూడా వచ్చింది. మూడు ప్రొఫెషనల్ లీగుల్లోనూ ఆ బహుమతి అందుకున్న మొదటివాడయ్యాడు. 1952 ప్లేఆఫ్‌లలో డెట్రాయిట్ ఎనిమిదికి ఎనిమిది మ్యాచ్‌లూ గెలిచింది. ఆ ఎనిమిదింటిలో అతను ఇచ్చింది అయిదు గోల్స్. సొంత రింకు ఒలింపియాలో ఒక్కటీ లేదు. అతని మొత్తం 103 షటౌట్ల రికార్డు 2009 డిసెంబరులో ఇంకో గోలీ మార్టిన్ బ్రోడర్ దాటేదాకా నిలిచింది. ఇదంతా ఆ దెబ్బతిన్న మోచేతితోనే: దానికి డాక్టర్లు మళ్ళీ మళ్ళీ ఆపరేషన్లు చేసి అరవై దాకా ఎముక ముక్కలు తీశారు.

1955లో డెట్రాయిట్ మళ్ళీ కప్పు గెలిచింది. ఈసారీ గోలు కాసింది సాచకే. ఆ వేసవిలోనే ఆడమ్స్ అతన్ని బోస్టన్‌కు పంపేశాడు. అతని స్థానంలోకి వచ్చినవాడు గ్లెన్ హాల్, ఇరవై మూడేళ్ళ కుర్రవాడు. మా పక్క రాష్ట్రం సస్కాచెవాన్‌లోని హంబోల్ట్ నుంచి వచ్చాడు.