వాలుగీత వెనుక ఒక న్యాయాధికారి

తెలుగు మాధ్యమంలో గణితం చదువుకున్నవారికి "వై = ఎమ్ ఎక్స్ + సి" అన్నది మంత్రంలా నోటికి వచ్చి ఉంటుంది. ఎమ్ అంటే వాలు. సి అంటే గీత నిలువు అక్షాన్ని ఖండించే చోటు, అనగా అంతరఖండం. వాలు మన ఇంటి మాట. ఇంటికప్పు వాలు, వాలుకుర్చీ అంటూ వాడుకునే మాటే నేరుగా నల్లబల్ల ఎక్కి కూర్చుంది. అంతరఖండం మాత్రం సంస్కృతపు ఉత్తరీయం కప్పుకొని వచ్చిన పెద్దమనిషి. ఈ రెండూ తెలిస్తే చాలు, గీత మొత్తం మన చేతిలో ఉన్నట్టే. ఇంత చిన్న సంగతికీ ఒక చరిత్ర ఉంది. ఆ చరిత్రలో ఒకరి పేరు మరుగున పడిపోయిందని నా అభిప్రాయం.

ఈ విద్యకంతటికీ మనం రెనె డెకార్ట్ పేరు పెట్టుకున్నాం. కార్టీజియన్ తలం, కార్టీజియన్ నిరూపకాలు అంటాం. ఆయన మంచం మీద పడుకొని కప్పు మీద పాకే ఈగను చూస్తుండగా ఈ ఆలోచన తట్టిందని ఒక పిట్టకథ కూడా ఉంది. దానికి సమకాలిక ఆధారమంటూ ఏమీ కనబడదు. 1637లో లేడెన్‌లో అచ్చయిన ఆయన జ్యామితి గ్రంథం తిరగేస్తే, మనం గళ్ళ కాగితం మీద గీసే అడ్డం నిలువు అక్షాల జంట అందులో దొరకదు. ఆయన దృష్టి అంతా ప్రాచీన గ్రీకు గణితజ్ఞుడు పప్పస్ అందించిన ఒక జటిల సమస్య మీద ఉంది. సరళరేఖ వంటి సులువైన వస్తువు దగ్గర ఆయన ఆగనే లేదు. అయితే తెలియని రాశులకు ఎక్స్, వై, జడ్‌లనూ, తెలిసినవాటికి ఎ, బి, సిలనూ వాడే అలవాటు ఆయన పెట్టినదే. ఆ ఋణం చిన్నది కాదు.

సరళరేఖ దగ్గర ఆగి, నిదానంగా దాని సంగతి తేల్చినవాడు పియర్ ద ఫెర్మా. ఆయన వృత్తి గణితం కాదు. తూలూజ్ నగరపు న్యాయస్థానంలో అధికారి. రెండు తెలియని రాశులను ముడిపెట్టే సమీకరణం ఏదైనా ఒక గీతనో వక్రాన్నో సూచిస్తుందన్న సూత్రాన్ని ఆయన ఒక చిన్న లాటిన్ వ్యాసంలో ప్రతిపాదించాడు. మొట్టమొదటి ఉదాహరణగా సరళరేఖనే తీసుకున్నాడు. ఆయన రాత వియెత్ సంప్రదాయానిది. తెలియని రాశులకు అచ్చులు, తెలిసినవాటికి హల్లులు. దానిని మన అంకెల్లోకి దించి చూపుతాను.

12 − 2ఎక్స్ = 3వై అనుకుందాం. ముందుగా 12ను 2తో భాగించి 6 తెచ్చుకోవాలి. ఆధారరేఖ మీద మొదటి బిందువు నుండి 6 దూరంలో ఒక గుర్తు పెట్టాలి. ఆ గుర్తు నుండి వెనక్కు 3 జరిగితే 2 పైకి లేవాలి. 6 జరిగితే 4 లేవాలి. ఈ నిష్పత్తి ఎక్కడా మారదు కాబట్టి అది సరళరేఖే. చూడండి, ఆ 6 అంతరఖండం కాక మరేమిటి? ఆ 3కి 2 వాలు కాక మరేమిటి? పేర్లు లేవు గాని పని అంతా అక్కడే జరిగిపోయింది.

ఆ వ్యాసం డెకార్ట్ గ్రంథం వెలువడిన 1637లోనే ప్యారిస్ పండితుల మధ్య రాతప్రతిగా తిరిగింది. ఫెర్మాకు అచ్చు వేయించడం మీద ఆసక్తి లేదు. 1665లో ఆయన పోయాడు. 1679లో గాని కుమారుడు దానిని అచ్చుకెక్కించలేదు. ఆ నలభై రెండేళ్ళలో డెకార్ట్ గ్రంథం లాటిన్ అనువాదంతో, వ్యాఖ్యానాలతో యూరప్ అంతా పాకింది. రాతప్రతిగా ఉండిపోయిన రచనకు పట్టే గతి తాళపత్రాల దేశం వాళ్ళకు వేరే చెప్పాలా!

అయితే ఫెర్మా గీతకు ఒక లోటుంది. పై ఉదాహరణలో ఆయన గీత 4 ఎత్తు దగ్గర మొదలై 6 దగ్గర ఆగిపోతుంది. ఆవలికి సాగదు, ఎందుకంటే ఋణదూరం అన్న భావన ఆయన చిత్రంలో లేదు. కాబట్టి వై = 2ఎక్స్ − 3 వంటి సమీకరణంలో మూలబిందువుకు 3 కిందనున్న అంతరఖండాన్ని గుర్తించడానికి చోటే లేదు. 1704లో న్యూటన్ ఘనవక్రాలను వర్గీకరిస్తూ ప్రకటించిన రచనలో రెండు అక్షాలూ, నాలుగు పాదాలూ, ఋణ నిరూపకాలూ నిస్సంకోచంగా కనిపిస్తాయి. గీతకు రెండు వైపులా దారి దొరికింది.

ఇక ఎమ్ సంగతి. ఎక్కడం అనే అర్థమున్న ఫ్రెంచి క్రియ మొదటి అక్షరం అదేనని, అది డెకార్ట్ పెట్టిందేనని కొందరు ఉపాధ్యాయులు చెబుతారు. వినడానికి సొంపుగానే ఉంది గాని, డెకార్ట్ వాలుకు ఆ అక్షరం వాడలేదు. 1844 నాటి మాథ్యూ ఓబ్రయన్ పుస్తకంలోనూ, 1848లో జార్జ్ సాల్మన్ పుస్తకంలోనూ ఎమ్ కనబడుతుంది. సాల్మన్ దాని పక్కన బి చేర్చాడు. కేంబ్రిడ్జికి చెందిన టాడ్‌హంటర్ 1855లో సి చేర్చాడు. టాడ్‌హంటర్ పాఠ్యగ్రంథాలు బ్రిటిష్ పాలనలో మన దేశంలో విస్తారంగా చదివించేవారు. మనకు సి అలవాటు కావడంలో వాటి పాత్ర ఉండి ఉంటుందని నా ఊహ.

అమెరికా బడి పుస్తకాల్లో బి ఉంటుంది. అక్కడ స్థిరపడిన తెలుగు తండ్రులు పిల్లల చేత లెక్కలు చేయిస్తూ సి అని రాసి, "మా టీచరు అలా చెప్పలేదు" అనిపించుకుంటూ ఉంటారు. ఇద్దరిదీ ఒప్పే. నేను మాత్రం అలవాటు కొద్దీ సి అనే రాస్తున్నాను.