కుడితిలో కలిసిపోయిన విటమిన్

రోట్లో వడ్లు పోసి ఇద్దరు ఎదురెదురుగా నిలబడి పోటు వేస్తే ముందు ఊక ఊడుతుంది. చేటతో చెరిగి, ఊక పారబోసి, మళ్లీ దంచితే గింజ మీది ఎర్రటి పొర పొడిపొడిగా రాలుతుంది. అదే తవుడు. మా అమ్మమ్మ దాన్ని జల్లించి, గుప్పెడు తీసి బెల్లం కలిపి, పిల్లలకు తలా ఒక ఉండ చేసి పెట్టేది. మిగిలిందంతా బియ్యం కడిగిన నీళ్లతో, వార్చిన గంజితో పాటు కుడితి గోలెంలోకి పోయేది. గేదె మూతి ముంచి గోలెం అడుగు కనబడేదాకా తాగేది.

విటమిన్ బి1 కథంతా ఆ గోలెంలోనే ఉంది. థయమిన్ అనే ఈ పదార్థం వడ్ల గింజలో ఎక్కువగా ఉండేది పై పొరలోనూ మొలకెత్తే ముక్కులోనూ. తెల్లగా వచ్చేదాకా బియ్యాన్ని మరపడితే చాలావరకు తవుడుతో పోతుంది. మిగిలిన కాస్తా నీళ్లలో కరిగే రకం కాబట్టి కడుగుతో కొంత, గంజితో కొంత పోతుంది.

తిన్న అన్నం ఒంట్లో శక్తిగా మారాలంటే బి1 ఉండాలి. పెద్దవాళ్లకు రోజుకు కావలసింది మిల్లీగ్రాముకు కాస్త పైన, అంతే. కానీ శరీరం దాన్ని ఎక్కువ రోజులు నిల్వ ఉంచుకోలేదు. కొన్ని వారాలు అందకపోతే ముందుగా దెబ్బతినేవి నిరంతరం పనిచేసే నరాలూ గుండే. పాదాలు తిమ్మిరెక్కుతాయి, పిక్కలు నొక్కితే నొప్పి, పాదం జారిపోయి నడక ఈడ్పుగా మారుతుంది. కొందరికి కాళ్లు ఉబ్బి, ఆయాసం వచ్చి, గుండె ఆగిపోతుంది. ఈ జబ్బే బెరిబెరి. సింహళ భాషలో 'బెరి' అంటే చేతకాకపోవడమనీ, లేవలేని మనిషి 'చేతకాదు, చేతకాదు' అన్న మాటే జబ్బుకు పేరైందనీ చెబుతారు.

ఈ జబ్బు మనకు పరాయిది కాదు. మద్రాసు ప్రభుత్వ వైద్యుడు జాన్ మాల్కమ్సన్ బెరిబెరి మీద 1835లోనే పుస్తకం రాశాడు. అందులో ఉత్తర సర్కారుల ప్రస్తావన చాలా ఉంది. ఉత్తర సర్కారులంటే గంజాం నుంచి కృష్ణ దాకా ఉన్న మన కోస్తానే. అప్పటికింకా ఇక్కడ మరబియ్యం లేదు. రోకలితోనైనా పచ్చిబియ్యాన్ని మల్లెపువ్వులా తెల్లబరిస్తే, నాలుగు నీళ్లు కడిగి గంజి వారిస్తే, ఫలితం అటువంటిదే.

కారణం మాత్రం ఎవరికీ తోచలేదు. తేమ అన్నారు, చెడుగాలి అన్నారు. జబ్బులకు క్రిములు కారణమని చూపిన పాశ్చర్, కాక్ పేర్లు మోగిపోతున్న కాలంలో క్రిమి అన్నారు. ఒకటి ఒంట్లో చేరడం వల్ల జబ్బు వస్తుందంటే వైద్యులు నమ్మగలిగారు. ఒకటి లేకపోవడం వల్ల వస్తుందంటే నమ్మడం కష్టమైంది. ఆ ఒక్క ఆలోచన రావడానికి ఎన్ని ప్రాణాలు పోవలసి వచ్చిందో తలచుకుంటే బాధేస్తుంది.

జపాన్ నావికాదళంలో 1882లో సముద్రయానానికి వెళ్లిన ర్యూజో అనే ఓడలో 376 మంది ఉంటే 169 మందికి బెరిబెరి వచ్చింది, 25 మంది చనిపోయారు. వైద్యుడు తకాకి కనెహిరో 1884లో ఇంకో ఓడను అదే దారిన పంపి, తెల్లన్నం తగ్గించి మాంసం, పాలు, బార్లీ పెట్టించాడు. ఒక్కరూ చావలేదు. మాంసకృత్తుల వల్ల నయమైందని ఆయన అనుకున్నాడు. కారణం తప్పినా మనుషులు బతికారు. పదాతిదళం వైద్యులు ఆయన మాట వినలేదు. 1904-05లో రష్యాతో జరిగిన యుద్ధంలో ఆ దళం బెరిబెరికే వేలమందిని పోగొట్టుకుంది.

అసలు ఆచూకీ తీసినవి కోళ్లు. జావాలో డచ్చి వైద్యుడు క్రిస్టియాన్ ఐక్‌మాన్ బెరిబెరి క్రిమి కోసం వెతుకుతూ కోళ్లను పెంచుతున్నాడు. ఉన్నట్టుండి కోళ్లకు కాళ్లు పడిపోయాయి. క్రిమి ఎక్కించినవీ పడిపోయాయి, ఎక్కించనివీ పడిపోయాయి. కొన్నాళ్లకు వాటంతట అవే లేచి తిరగసాగాయి. ఆరా తీస్తే, కోళ్లను చూసుకునేవాడు మిలిటరీ ఆసుపత్రి వంటింట్లో మిగిలిన తెల్లన్నం తెచ్చి పెడుతున్నాడని తేలింది. కొత్తగా వచ్చిన వంటవాడు, మిలిటరీ బియ్యం మిలిటరీవి కాని కోళ్లకు ఇవ్వనన్నాడు. కోళ్లు మళ్లీ ముడిబియ్యానికి మళ్లాయి, కోలుకున్నాయి. పెద్ద ప్రయోగశాలలకు అందని ఆనవాలు ఒక వంటవాడి పట్టుదలలో దొరికింది.

కోళ్ల సంగతి మనుషులకు వర్తిస్తుందా? అడాల్ఫ్ ఫోర్డర్‌మాన్ జావా జైళ్లన్నీ తిరిగి లెక్క తీశాడు. ముడిబియ్యం పెట్టే జైళ్లలో పదివేల మందికి ఒకరికి బెరిబెరి, తెల్లబియ్యం పెట్టేచోట 39 మందికి ఒకరికి. అయినా ఐక్‌మాన్ తెల్లబియ్యంలో ఏదో విషముందనీ తవుడు దానికి విరుగుడనీ అనుకున్నాడు. విషం కాదు, తవుడులో ఉన్నదేదో అందకపోవడమే జబ్బు అని 1901లో చెప్పింది ఆయన తరువాత అక్కడ పనిచేసిన ఖెరిట్ గ్రెయిన్స్. 1929లో నోబెల్ బహుమతి ఐక్‌మాన్‌కు వచ్చింది. గ్రెయిన్స్‌కు రాలేదు. అది అన్యాయమే.

1912లో పోలెండువాడైన కాజిమిర్ ఫంక్ లండన్‌లో కూర్చుని ఆ పదార్థానికి 'విటమిన్' అని పేరు పెట్టాడు. ఆయన తవుడు నుంచి తీసిన స్ఫటికాలు చాలావరకు వేరే పదార్థానివి. పేరు మాత్రం నిలిచిపోయింది.

ఇక్కడ కథ నెల్లూరు వస్తుంది. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ దంపతులకు 1886లో నెల్లూరులో పుట్టిన అబ్బాయి రాబర్ట్ రన్నెల్స్ విలియమ్స్. బాల్యం ఇక్కడే గడిపి అమెరికా వెళ్లి రసాయనశాస్త్రం చదివి, మనీలాలో ఉద్యోగంలో చేరాడు. 1910లో ఎడ్వర్డ్ వెడర్ అనే సైనిక వైద్యుడు తవుడు రసం సీసా ఒకటి చేతికిచ్చి, ఇందులో జబ్బు కుదిర్చేదేమిటో కనిపెట్టమన్నాడు. అప్పటికి విలియమ్స్‌కు 24 ఏళ్లు. తల్లిపాలు తాగే పసిబిడ్డలకు వచ్చే బెరిబెరి మరీ దారుణం. బిడ్డ నోరు తెరిచి ఏడుస్తుంది, గొంతు పెగలదు. కొన్ని గంటల్లో ప్రాణం పోతుంది. అలా కొనఊపిరితో ఉన్న బిడ్డ నోట్లో ఆ రసం చుక్క చుక్కగా వేస్తే కొద్ది గంటల్లో తేరుకోవడం విలియమ్స్ కళ్లారా చూశాడు. ఆ తరువాత పాతికేళ్లు ఆ పని వదల్లేదు. బెల్ టెలిఫోన్ ప్రయోగశాలలో పగటి ఉద్యోగం చేస్తూ, తీరిక వేళల్లో తవుడు కరిగించాడు, వడగట్టాడు. 1926లో యాన్సెన్, డోనాట్ అనే డచ్చి శాస్త్రవేత్తలు స్ఫటికాలు తీయగలిగారు కానీ, ఆ అణువు ఎలా కట్టి ఉందో తేల్చి 1936లో కృత్రిమంగా తయారుచేసింది విలియమ్స్ బృందమే. థయమిన్ అన్న పేరూ ఆయన పెట్టిందే. పేటెంటు మీద వచ్చిన డబ్బులో అధికభాగం ఆహారలోపాల నివారణ నిధికి పోయింది. ఆ నిధి తోడ్పాటుతోనే రెండో ప్రపంచయుద్ధం తరువాత ఫిలిప్పీన్స్‌లోని బటాన్‌లో 200 పాళ్ల బియ్యానికి ఒక పాలు విటమిన్ పట్టించిన గింజలు కలిపి అమ్మారు. అక్కడ బెరిబెరి చావులు బాగా తగ్గాయి.

మరి అరవనాడులోనూ మలబారులోనూ బియ్యమే తింటారు కదా, దక్షిణాదిలో సర్కారులకే ఎందుకంత బెడద? దీన్ని కూనూరులోని పోషకాహార ప్రయోగశాలలో ఎక్రాయిడ్ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు 1940 ప్రాంతంలో తేల్చారు. అరవనాడు, మలబారువాళ్లలో చాలామంది తినేది ఉప్పుడుబియ్యం. వడ్లను నానబెట్టి ఉడికించినప్పుడు పైపొరలోని బి1 గింజ లోపలికి దిగుతుంది, తరువాత మరపట్టినా పెద్దగా పోదు. మనకు ఉప్పుడుబియ్యం వాసన గిట్టలేదు, పచ్చిబియ్యమే కావాలి. దానికి మిల్లులు తోడయ్యాయి. బాలింతకు పథ్యమని పప్పూ కూరా ఆపేసి తెల్లన్నమే పెట్టిన ఇళ్లలో తల్లిపాలలోనూ బి1 కరువే. ఎక్రాయిడ్, కృష్ణన్ ఈ ప్రాంతపు శిశుమరణాల మీద 1941లో ప్రత్యేకంగా ఒక వ్యాసమే ప్రకటించారు. అది చదువుతుంటే, మన ఊళ్లలో 'బాలగ్రహం' అని ఊరుకున్న చావుల్లో ఎన్ని ఇవో అనిపిస్తుంది. ఆ కూనూరు ప్రయోగశాలే 1958లో హైదరాబాదు వచ్చింది. ఇప్పటి జాతీయ పోషకాహార సంస్థ అదే.

ఇప్పుడు కూరలు, పప్పులు, గోధుమ పెరిగి, పాత బెరిబెరి కనబడటం తగ్గింది. పూర్తిగా పోలేదు. ఏళ్ల తరబడి తాగినవాళ్లకూ, కడుపుతో ఉండి వారాలపాటు వాంతులైన స్త్రీలకూ బి1 అడుగంటుతుంది. చూపు ఒకచోట నిలవదు, నడక తూలుతుంది, మతి తప్పుతుంది. అలాంటి మనిషికి ఒట్టి గ్లూకోజు ఎక్కిస్తే, ఆ చక్కెరను అరిగించడానికి మిగిలిన బి1 కూడా ఖర్చయి పరిస్థితి విషమిస్తుంది. అందుకే తెలిసిన డాక్టరు గ్లూకోజుతో పాటు థయమిన్ సూది కూడా వేయిస్తారు. ఆ చిన్న సీసాలో ఉండేది నెల్లూరులో పుట్టినాయన 1936లో తయారుచేసి చూపిన అణువే.