వెలుగు త్రిప్పు తాళపుచెవి

సూర్యుడు క్రుంకగానే చింతాకు ముడుచుకొనుటయు, తెల్లవారగానే మరల విచ్చుకొనుటయు మనమందరము చూచినదే. వెలుగునకును జీవమునకును గల బాంధవ్యము క్రొత్తది కాదు. కాని జీవకణములో జరుగు ఒకానొక రసాయన కార్యమును మన ఇచ్ఛానుసారముగ ఒక వెలుగు చూపి నడపుటయు, వేరొక వెలుగు చూపి ఆపుటయు సాధ్యమగునా? ఈ ప్రశ్నకు సమాధానము లభించుటకు డెబ్బది సంవత్సరములకు పైగా పట్టినది. ఆ వృత్తాంతమును నేడు స్థూలముగ చెప్పుకొందము.

ముందుగా ఎంజైములను గూర్చి ఒక మాట. తోడువేసిన పాలు పెరుగగుటకును, రుబ్బిన పిండి పులియుటకును సూక్ష్మజీవులలోని ఎంజైములే కారణము. మనము తిన్న అన్నము అరుగుటయు, పీల్చిన ప్రాణవాయువు కణములకు ఉపయోగపడుటయు వాని చలువయే. ఎంజైములలో దాదాపు అన్నియు ప్రోటీనులే. ప్రతి ఎంజైములోను చిన్న గుంట వంటి స్థానమొకటి కలదు. ఆ స్థానమున ఇమిడిన అణువు మీదనే అది పనిచేయును. మార్పు చెందని పరాయి అణువేదైన అచట తిష్ఠ వేసెనా, ఎంజైము పని ఆగిపోవును. మన మందులలో పెక్కు, విషములలో కొన్ని, ఈ విధముగనే పనిచేయుచున్నవి.

ఈ కథ బొగ్గుగనులతో ప్రారంభమైనది. గనులలో ప్రేలుడు సంభవించినపుడు కార్మికులు మరణించుటకు కారణమేమని బ్రిటిషు శరీరశాస్త్రవేత్త జాన్ స్కాట్ హాల్డేన్ పరిశోధించెను. పెక్కుమందిని చంపినది ప్రేలుడు దెబ్బ కాదనియు, తరువాత గనిలో వ్యాపించిన కార్బన్ మోనాక్సైడు అనియు 1896 లో ఆయన తెలిపెను. 1957 లో మన దేశమునకు వచ్చి స్థిరపడి, 1964 లో భువనేశ్వరమున కన్నుమూసిన జె.బి.ఎస్. హాల్డేన్ ఈయన కుమారుడే. ఆ విషవాయువు రక్తములోని హిమోగ్లోబిన్‌ను గట్టిగ పట్టుకొని ప్రాణవాయువునకు చోటీయదు. హాల్డేన్, ఆయన సహచరుడు లోరైన్ స్మిత్ ఆ దినములలోనే ఒక వింతను గమనించిరి: వెలుగు సోకినపుడు ఆ పట్టు సడలుచున్నది.

ముప్పది సంవత్సరములు గడచినవి. 1926 ప్రాంతమున బెర్లిన్ నగరములోని డాలెమ్‌లో ఆటో వార్‌బుర్గ్ ఈస్టు కణములకు కార్బన్ మోనాక్సైడు పట్టించి చూచెను. చీకటిలో వాని శ్వాసక్రియ మందగించెను. దీపము చూపగా పుంజుకొనెను. దీపమార్పగా మరల తగ్గెను. శ్వాసకు మూలమైన ఎంజైమును విషవాయువు పట్టుకొనుచున్నదనియు, వెలుగు దానిని విడిపించుచున్నదనియు ఆయన గ్రహించెను. ఆ ఎంజైము కణములో అత్యల్ప పరిమాణమున ఉండుటచే, నాటి పద్ధతులతో దానిని వేరుచేయుట అసాధ్యము. వార్‌బుర్గ్ వేర్వేరు రంగుల వెలుగును ప్రసరింపజేసి, ఏ రంగు ఎంత బలముగ పనిచేయుచున్నదో కొలిచెను. కంటికి చిక్కని దొంగను అడుగుజాడలనుబట్టి గుర్తించినట్లు, ఆ కొలతలనుబట్టి ఎంజైము వర్ణపటమును గీసెను. అది హిమోగ్లోబిన్‌లోని ఇనుప వర్ణకమునకు దగ్గరి చుట్టమని తేలెను. 1931 లో ఆయనకు నోబెల్ బహుమానము లభించెను. కేంబ్రిడ్జిలో సైటోక్రోములను వర్ణించిన డేవిడ్ కీలిన్‌తో ఆయనకు చిరకాలము వాదము నడచెను. తుదకు వార్‌బుర్గ్ చూచిన ఎంజైము సైటోక్రోముల వరుసలో చివరిదని స్థిరపడినది. దానినే సైటోక్రోమ్ ఆక్సిడేజు అందురు.

అయితే ఇచట వెలుగు చేసిన పని విషమును తొలగించుట మాత్రమే. ఆ గుణము ప్రకృతి ఇచ్చినది. మనుష్యుడు కల్పించినది కాదు. ఎంజైము ఏదైనను, దానికి తగిన తాళపుచెవిని మనమే చేసి, వెలుగుతో త్రిప్పవలెనన్నచో వేరొక సాధనము కావలెను. అది రసాయనశాస్త్రజ్ఞుల అలమరలో అప్పటికే ఉన్నది. 1834 లో జర్మను శాస్త్రజ్ఞుడు మిత్షర్లిఖ్ తయారుచేసిన అజోబెంజీన్ అనునదే ఆ పదార్థము. బట్టల రంగులలో పెక్కు దీని సంతతివే. రెండు వలయములను రెండు నత్రజని పరమాణువులు కలుపుచుండును. 1937 లో హార్ట్‌లీ అను ఆంగ్లేయుడు, వెలుగు తగిలినపుడు చాపిన మోచేయి వంటి ఈ అణువు వంగిపోవునని కనుగొనెను. అతినీలలోహిత కిరణములు దానిని వంచును. నీలికాంతి గాని, వెచ్చదనము గాని తిరిగి చాపును.

ఈ మోచేతిని ఎంజైముతో ముడిపెట్టినవారు న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయమున బెర్నార్డ్ ఎర్లాంగర్, ఆయన సహచరులు. క్లోమరసములోని కైమోట్రిప్సిన్ మాంసకృత్తులను జీర్ణము చేయు ఎంజైము. దానిని అణచు అణువునకు వారు అజోబెంజీన్ భాగమును చేర్చిరి. చాపిన రూపము, వంగిన రూపము ఎంజైమును అణచు వేగములో భేదించెను. కావున వెలుగు మార్చి ఆ వేగమును మార్చగలిగిరి. ఇది 1968 నాటి మాట. మరుసటి యేడు నాడీసంకేతములకు సంబంధించిన ఎసిటైల్‌కోలినెస్టరేజు అను ఎంజైము మీదను ఇట్టి ప్రయోగమే చేసిరి. మన కంటిలోని రెటినాల్ అను అణువు వంగిన రూపమునుండి చాపిన రూపమునకు మారుటతోనే చూపు మొదలగునని జార్జి వాల్డ్ మొదలగువారు అంతకుముందే చూపియుండిరి. ప్రకృతి కంటిలో చేయు పనికి పోలికయైనదానిని మనుష్యుడు గాజునాళికలో చేసెనన్నమాట.

1970 దశకమున మాస్కోలో బెరెజిన్, మార్టినెక్ అనువారు దీనికి మరియొక ప్రయోజనమును చూపిరి. ఒక్క ఎంజైము అణువు మేల్కొన్నచో అది వేలకొలది అణువులను మార్చును. కావున మిణుకుమను వెలుగు సైతము పెద్ద ఫలితము నీయగలదు.

ఇంత శ్రమ యెందుకని అడుగవచ్చును. మ్రింగిన మందు రక్తముతోపాటు ఒడలెల్ల తిరుగును. రోగమున్న చోటికి మాత్రమే పొమ్మన్న వినదు. వెలుగు మనము చూపిన చోటనే పడును. మందు పని ముగిసిన తరువాతి చిక్కు మరియొకటి. సూక్ష్మజీవులను చంపు మందులు ఒంటినుండి వెడలి మురుగునీటిలో కలిసి, వానికి లొంగని క్రిములు ప్రబలుటకు దోహదము చేయుచున్నవి. 2013 లో హాలెండులోని గ్రోనింగెన్‌లో ఫెరింగా బృందమువారు, క్రిముల డి.ఎన్.ఏ.ను మెలిత్రిప్పు ఎంజైమును అణచు క్వినోలోను జాతి మందునకు అజోబెంజీన్‌ను జోడించిరి. కిరణములు సోకినపుడు దాని బలము పెరిగెను. కొన్ని గంటలలో అది తనంతట తానే బలహీనమాయెను.

అవరోధములు లేకపోలేదు. అతినీలలోహిత కిరణములు చర్మము దాటి లోనికి పోజాలవు. పైగా కణములకు హాని చేయును. ఎఱ్ఱని వెలుగు కొంత లోతునకు పోవును. అందువలననే దానికి స్పందించు అణువుల కొరకు అన్వేషణ సాగుచున్నది. వెలుగు చూపినంతమాత్రమున అణువులన్నియు ఒక్క రూపమునకు మారవు. కొన్ని పాతరూపముననే మిగిలియుండును. పూర్తిగ మూయబడని తలుపు వైద్యునికి నమ్మకమైనది కాదు గదా!

గనిలో మరణించిన కార్మికుల రక్తమును పరీక్షించిన హాల్డేన్ ఈ మందులను ఊహించియుండడు. ఆయన తెలిసికొనగోరినది ఆ మనుష్యులేల మరణించిరని మాత్రమే. ఆ వెదకులాటలో గమనించిన ఒక వింతను మరియొకడు ముప్పది సంవత్సరములకు అందిపుచ్చుకొనెను. రేపు ఒక రోగి శరీరమున, రోగమున్న చోటనే మందు మేల్కొనిననాడు, ఆ పేరులేని గనికార్మికులను గూడ మనము తలచుకొనవలసియున్నది.